మీటరు పెట్టె ఎక్కడుందమ్మాయ్?

2021 ఫిబ్రవరి 18, గురువారం. తెనాలి బోసు రోడ్డు వైపు పైపులూ మోటార్లూ అమ్మే ఒక కొట్టు షట్టరు అప్పుడే పైకి లేచింది. ఉదయం ఎనిమిదిన్నర. కొట్టాయన దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగిస్తుండగా ఫోను మోగింది. అమెరికా నుంచి అన్న కూతురు, వీడియో కాల్. తెర మీద మనిషి ముఖం లేదు. అటక చీకట్లో ఊగుతున్న టార్చి వెలుగు, దాని వెనక నీళ్ల హోరు.

"బాబాయ్! పైనుంచి నీళ్లు పడుతున్నాయ్. సీలింగ్ ఊడిపోతోంది బాబాయ్!"

"కంగారు పడకు తల్లీ. ముందు మెయిన్ వాల్వ్ కట్టెయ్యండి."

"అదెక్కడుంటుంది?"

"వీధిలోంచి లైను ఇంట్లోకొచ్చే చోట. మీటరు పెట్టె ఎక్కడుందమ్మాయ్ మీకు?"

ఆమె భర్త వైపు తిరిగింది. ఇద్దరూ ఇంజినీర్లు. ఇల్లు కొనుక్కుని ఆరేళ్లయింది. నెలనెలా నీళ్ల బిల్లు కడుతూనే ఉన్నారు. మీటరు ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు.

ఈ కుటుంబం గురించి ఒక మాట ముందే చెప్పాలి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న ఈ ఇల్లు ఏదో ఒక్క ఇల్లు కాదు. ఆ వారం టెక్సస్‌లోని ఇళ్లకు ఏం జరిగిందో దాన్నంతా ఒక కప్పు కిందికి చేర్చి ఈ కథ చెబుతున్నాను. అందుకే ఇందులో మనుషులకు పేర్లు లేవు. అప్పటి చలి తుపాను నిజం, తేదీలు నిజం, అంకెలు నిజం. కొడుకు రేపల్లె వాడు, బాపట్లలో ఇంజినీరింగ్ చదివాడు. ఫోను చేసిన కోడలు తెనాలి పిల్ల. అత్తగారు 2019 చలికాలంలో కోడలి పురిటికని వెళ్లి, కరోనాతో విమానాలు ఆగిపోయి, తిరుగు ప్రయాణం వాయిదాల మీద వాయిదా పడి అక్కడే ఉండిపోయిన మనిషి. మామగారు రేపల్లెలోనే ఉన్నారు. కాలువ మీద లస్కరుగా పనిచేసి రిటైరైన ఆయన.

టెక్సస్ వేడి రాష్ట్రం. డాలస్‌లో ఎండాకాలం 38 డిగ్రీలు దాటడం మామూలు. అక్కడి ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవి. చలి ప్రాంతాల్లో ఇంటి కింద నేలమాళిగ ఉంటుంది, నీళ్ల పైపులు ఆ వెచ్చటి చోట నడుస్తాయి. డాలస్ చుట్టుపక్కల కాంక్రీటు పలక మీద నేరుగా ఇల్లు లేపుతారు. నేలమాళిగ ఉండదు. పైపులు గోడల్లోంచి పైకెక్కి, పైకప్పు కింద అటకలో అడ్డంగా పరిగెడతాయి. చాలా ఇళ్లలో నీళ్లు కాచే పెద్ద హీటరు కూడా ఆ అటకలోనే. ఇంట్లో వెచ్చదనం ఎంత ఉన్నా అటకకు పెద్దగా చేరదు. బయటి గాలి ఎంత చల్లగా ఉంటే అటక కొద్ది గంటల్లో దాదాపు అంత చల్లబడుతుంది. ఏడాదిలో కొన్ని రాత్రులు నీళ్లు గడ్డకట్టే చలి వస్తుంది, తెల్లారి పది గంటలకి ఎండ వస్తుంది, సరిపోతుంది. అందుకని దశాబ్దాలుగా ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఆ ఫిబ్రవరిలో ధ్రువ ప్రాంతపు గాలి టెక్సస్ మీదికి దిగింది. శనివారం, అంటే 13వ తేదీన, కొడుకు సామాన్ల షాపుకు వెళ్లాడు. బయటి గోడలకుండే తోట పంపులకు తొడిగే ఫోమ్ తొడుగులు అప్పటికే అయిపోయాయి. కోడలు అత్తగారి పాత నూలు చీరొకటి అడిగి తీసుకుని, ముక్కలు చేసి, పంపులకు మందంగా చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టింది. మంచి పనే చేసింది. నీళ్లు పట్టే గొట్టాలు కూడా పంపుల నుంచి విప్పేసింది. వాటిని విప్పకపోతే లోపల నిలిచిన నీరు గడ్డకట్టి గోడలోకి పాకుతుంది.

ఆ రాత్రి ఊరి యంత్రాంగం నుంచి ఫోన్లకు సందేశం వచ్చింది. పంపులు సన్నగా ధార వదలండి, సింకుల కింది అరల తలుపులు తీసి ఉంచండి, అని. కొడుకు చదివాడు. మేడ మీద స్నానాల గదిలో, వంటింట్లో పంపులు సన్నగా తిప్పి పడుకున్నాడు.

అత్తగారికి నిద్ర పట్టలేదు. రేపల్లె నుంచి నిజాంపట్నం వైపు కాలువ శివారు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు నీళ్ల విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. బోరు వేస్తే ఉప్పునీరు. మంచినీళ్లంటే కాలువ వదిలినప్పుడు నింపుకున్న చెరువే. వేసవిలో బిందెకు బిందె లెక్క. అలాంటి మనిషి చెవిలో రాత్రంతా నీళ్లు కారుతున్న చప్పుడు పడుతుంటే ఎలా ఊరుకుంటుంది? లేచి వెళ్లి మేడ మీద పంపు గట్టిగా కట్టేసి వచ్చింది. మర్నాడు కొడుకుతో అంది కూడా:

"ఏందిరా ఈ దూబరా? తెల్లార్లూ నీళ్లు అట్టా పారబోస్తారా ఎవరైనా?"

"వదలమన్నారమ్మా" అన్నాడు కొడుకు ఫోను చూస్తూనే. ఎందుకు వదలమన్నారో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. ఆ పంపు మళ్లీ ఎవరూ తిప్పలేదు.

ఈ ఇల్లు దెబ్బతిన్నది ఇక్కడే అని నా నమ్మకం. తప్పు పెద్దావిడది కాదు. వదలమని చెప్పినవాళ్లు కారణం కూడా చెప్పి ఉంటే ఆవిడ అందరికన్నా శ్రద్ధగా కాపలా కాసేది.

ఆ కారణం ఏమిటంటే, నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది. మంచుగడ్డ ఉబ్బి, ఉన్నచోటే పైపును చీల్చేస్తుందని చాలామంది అనుకుంటారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లలో అటకల్లో పైపులు పెట్టి పరీక్షించి చూస్తే తేలింది వేరు. పైపులో ఒకచోట మంచు బిరడాలా అడ్డుపడుతుంది. అది పెరుగుతున్న కొద్దీ తన ముందున్న నీటిని మూసి ఉన్న పంపు వైపు నెడుతుంది. నీటికి పోయే దారి లేదు. బిరడాకూ పంపుకూ మధ్య ఇరుక్కున్న ఆ నీటిలో ఒత్తిడి పెరిగి పెరిగి, ఎక్కడ అతుకు బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. చాలాసార్లు పగిలిన చోట మంచే ఉండదు. పంపు కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. నీరు పైపులో గడ్డకట్టినా సరే, పైపు మిగులుతుంది. అంటే ఆ సన్నటి ధార పైపును కాపాడే ఏర్పాటు. తొడుగు లేని పైపులకు ప్రమాదం సున్నా దగ్గర మొదలవదని కూడా ఆ పరీక్షలు చెప్పాయి. 20 ఫారన్‌హీట్, అంటే సుమారు మైనస్ 7 సెల్సియస్‌కు దిగినప్పుడు భయపడాలి.

మన లంబసింగిలో పాదరసం సున్నా దగ్గరికి దిగిన తెల్లవారుజాములున్నాయి. అక్కడైనా మైనస్ 7 మాటే లేదు. తెనాలిలో జనవరి రాత్రి చలంటే దుప్పటి కప్పుకునే చలి. డాబా మీద ట్యాంకు నుంచి గోడ బయటగా దిగే పైపు ఎండకు పెళుసెక్కుతుందేమో కానీ చలికి పగలదు. ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లలకు ఈ భయం ఇంట్లో నేర్చుకున్నది కాదు. టెక్సస్‌లో పుట్టి పెరిగినవాళ్లలోనూ ఎక్కువమందికి అప్పటిదాకా తెలియదు.

ఆదివారం మంచు కురిసింది. మనవరాలు మొదటిసారి మంచు చూసింది. రేపల్లెలో తాతయ్యకు వీడియోలో చూపించారు. ఆయన పంచాయతీ ఎన్నికల కబుర్లు చెప్పారు. ఆ పగలు అందరూ సంతోషంగానే ఉన్నారు.

సోమవారం, 15వ తేదీ, తెల్లవారుజామున 1.20కి టెక్సస్ గ్రిడ్‌ను నడిపే ఎర్‌కాట్ సంస్థ కరెంటు కోతకు ఆదేశాలిచ్చింది. మనకు అప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ. చలికి గ్యాసు బావులూ, గ్యాసు లైన్లూ, విద్యుత్ కేంద్రాలూ ఒకటొకటిగా మూలపడ్డాయి. టెక్సస్ గ్రిడ్ పక్క రాష్ట్రాలతో దాదాపు సంబంధం లేకుండా విడిగా ఉంటుంది కాబట్టి అరువు తెచ్చుకునే కరెంటు కూడా పెద్దగా లేదు. అక్కడ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ ఉండాలి. 59.4 కంటే కింద 9 నిమిషాలుంటే జనరేటర్లు వాటంతటవే విడిపోతాయి, రాష్ట్రమంతా చీకటి. ఆ రాత్రి 4 నిమిషాల 23 సెకన్లు అలా ఉంది. మిగిలింది 4 నిమిషాల 37 సెకన్లు. గ్రిడ్ నిలిచింది. కానీ 20,000 మెగావాట్ల కోత పడింది. 45 లక్షల ఇళ్లకూ వ్యాపారాలకూ కరెంటు పోయింది.

కోతను వంతులవారీగా తిప్పుతామన్నారు. తిప్పలేకపోయారు. ఆసుపత్రులున్న లైన్లను తీయకూడదు, అలాంటివి లేని లైన్లు మాత్రం తీసినవి తీసినట్టే ఉండిపోయాయి. ఫ్రిస్కో ఇల్లు అలాంటి లైను మీద ఉంది. ఇంటిని వెచ్చబెట్టే కొలిమి గ్యాసుదే, అయినా ఆ వేడిని గదులకు తోలే ఫ్యాను కరెంటుది. సోమవారం సాయంత్రానికి అందరూ ఒక్క గదిలోకి చేరారు. ఉన్న దుప్పట్లు, రగ్గులు, చివరికి తలుపు తెరలు కూడా పిల్ల మీద కప్పారు.

"పెరట్లో బొగ్గుల పొయ్యి ఉందిగా, లోపలికి తెండి. కుంపటి పెట్టుకుందాం" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. తలుపులన్నీ బిగించి ఉన్నాయి. ఆ పొగ కంటికి కనపడదు, ప్రాణం తీస్తుంది."

కోడలు ఈసారి కారణం చెప్పింది. పెద్దావిడ మరి మాట్లాడలేదు. ఆ వారం టెక్సస్‌లో ఇంట్లో బొగ్గులు వెలిగించి, గ్యారేజీలో కారు నడుపుతూ లోపల కూర్చుని, కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవాళ్లున్నారు.

మంగళవారం, 16న, డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో మైనస్ 19. 1949 తర్వాత ఆ ఊరు అంత చలి చూడలేదు. మన పంచాంగంలో ఆ రోజు వసంత పంచమి. పొద్దున్నే దీపం పెట్టుకోవాలని ముఖం కడుక్కోవడానికి మేడ మీదికి వెళ్లిన అత్తగారు పంపు తిప్పింది. చుక్క రాలేదు. వంటింట్లో వస్తోంది. "పైన నీళ్లు రావట్లేదురా" అని చెప్పింది. కరెంటు లేక అనుకున్నారు. మన ఊళ్లో మోటారు ఆడకపోతే నీళ్లు రావు కదా, ఆ అలవాటు. అక్కడ నీరు వచ్చేది ఊరి లైను ఒత్తిడితో. ఒక్క గదిలో పంపు ఆగిపోయిందంటే ఆ గదికి వెళ్లే పైపులో మంచు బిరడా పడిందని అర్థం.

అప్పటికింకా సమయముంది. అప్పుడు మెయిన్ వాల్వ్ కట్టేసి, అన్ని పంపులూ తెరిచి, పైపుల్లో నీరు దించేసి ఉంటే మహా అయితే ఒక అతుకు పోయేది. పగిలిన పైపు మంచుతో మూసుకుని ఉన్నంతసేపు ఏమీ తెలియనివ్వదు. మంచు కరిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

బుధవారం సాయంత్రం కరెంటు వచ్చింది. కొలిమి రాజుకుంది. ఇల్లు వెచ్చబడుతుంటే పిల్ల మూడు రోజుల తర్వాత రగ్గులోంచి బయటికొచ్చి ఆడుకుంది. కోడలు చారు కాచింది. రాత్రి తొమ్మిది కావస్తుండగా మెట్ల దగ్గర సీలింగ్ మీద తడి మరక కనిపించింది. చూస్తుండగానే అది పొట్టలా దిగింది. చిరిగింది. అటకలో మలుపు దగ్గర రాగి పైపు అతుకు విడిపోయి ఊరి నీళ్లన్నీ ఆ కంతలోంచి ఇంట్లోకి దూకాయి. తడిసి ముద్దైన జిప్సం పలకలు, అటకలో పరిచిన గులాబీ రంగు దూది, నీళ్లు, అన్నీ కలిసి మెట్ల మీదుగా హాల్లోకి పారాయి. లైట్ల గుంతల్లోంచి కూడా ధార కట్టింది.

"ముందు పై అంతస్తు కరెంటు తీసెయ్. బ్రేకర్ పెట్టె తెలుసా? ఆ, అది. నీళ్లలో నిలబడి ముట్టుకోవద్దు, పొడిగా ఉన్న చోట నిలబడు." తెనాలి కొట్లోంచి బాబాయ్ గొంతు. "అల్లుడుగారూ, మీరు బయటికెళ్లండి. వీధి వైపు, కాలిబాట దగ్గర నేలలో మూత ఉంటుంది. ఉండి తీరాలి."

బయట పచ్చిక మొత్తం మంచు కింద ఉంది. కొడుకు పారతో గీకడం మొదలెట్టాడు. ఒకచోట లేదు. ఇంకోచోట లేదు. ఇంతలో కోడలు రేపల్లెకు కూడా కాల్ కలిపింది. పొద్దున్నే కాఫీ తాగుతున్న మామగారికి ఇల్లు కనిపించింది. మేడ మీద, సాయానికొచ్చిన కొడుకు స్నేహితుడెవరో బకెట్లు పెడుతున్నాడు, చిరుగుకు టేపు అంటించబోతున్నాడు.

"ఒరే నాయనా, అది ఆపండి" అన్నారాయన. "కాలువకు గండి పడితే ముందు గండి పూడుస్తామా? పైన దుగ్గిరాల లాకుల కాడ తలుపులు దించాలి. నీళ్లు ఆగినాకే గండి కాడికి పోవాలి. అందరూ ఆ మూత వెతకండి."

ముగ్గురూ బయట కొడుకు దగ్గరికి పరిగెత్తారు. స్నేహితుడూ, కోడలూ, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని అత్తగారూ. ఆవిడే కనుక్కుంది. చేతిలో గరిటె కాడతో మంచును పొడుస్తూ పోతుంటే ఒకచోట ఖంగుమంది. మూత మంచుకు అతుక్కుపోయింది. సుత్తి వెనకవైపుతో లేపారు. లోపల బురదనీళ్లు.

"చెయ్యి పెట్టి చూడండి అల్లుడుగారూ. మీటరుకు ఇంటి వైపున పిడి ఉంటుంది. పైపు వెంట నిలువుగా ఉంటే తెరిచినట్టు. అడ్డంగా తిప్పితే కట్టినట్టు. లాగి తిప్పొద్దు, విరుగుద్ది. నిదానంగా."

పిడి అడ్డం తిరిగింది. తర్వాత అన్ని పంపులూ తెరిచి లైన్లలో మిగిలిన నీరు దించారు. హీటరు ఆపారు. ఇంకా ఊడని సీలింగ్ పొట్ట కింద టబ్బు పెట్టి, స్క్రూడ్రైవరుతో చిన్న కన్నం పొడిచి నీరు కారనిచ్చారు. లేకపోతే మొత్తం పలక నెత్తిన పడుతుంది. అన్నీ బాబాయ్ చెప్పినవే. ఆయన ఎప్పుడూ టెక్సస్ చూడలేదు, గడ్డకట్టిన పైపు కూడా చూడలేదు. నీళ్ల లైను ఎక్కడైనా నీళ్ల లైనే.

అప్పటికి నలభై నిమిషాలు పారింది. మెట్లు, హాలు, కింద గది చెక్క నేల పోయాయి.

హ్యూస్టన్ విశ్వవిద్యాలయం తర్వాత జరిపిన సర్వేలో టెక్సస్ వాసుల్లో 69 శాతం మందికి కరెంటు, 49 శాతం మందికి నీళ్లు పోయాయని తేలింది. 31 శాతం మంది తమ ఇల్లు నీళ్లవల్ల పాడైందన్నారు. ఎక్కడికక్కడ లైన్లు పగిలి ఊళ్ల నీటి ఒత్తిడే పడిపోయింది. కోటి మందికి పైగా జనానికి నీళ్లు కాచుకునే తాగాలని హెచ్చరికలు వెళ్లాయి. రాష్ట్ర ప్రభుత్వం లెక్కించిన మరణాలు 246. ప్లంబర్లు చాలక బయటి రాష్ట్రాల వాళ్లు కూడా వచ్చి పనిచేసేలా టెక్సస్ నిబంధనలు సడలించాల్సి వచ్చింది. 2011 ఫిబ్రవరి చలిలోనూ ఆ రాష్ట్రంలో కరెంటు పోయింది. విద్యుత్ కేంద్రాలను చలికి సిద్ధం చేసుకోమని ఆ ఏడాదే కేంద్ర నియంత్రణ సంస్థలు నివేదిక ఇచ్చాయి. దాన్ని పట్టించుకోకపోవడం వల్లే పదేళ్ల తర్వాత ఇంత జరిగింది. ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు, 2021 విచారణలూ ఇదే చెప్పాయి.

శుక్రవారం రథసప్తమి. లైను ఇంకా కట్టేసే ఉంది. పక్కింటివాళ్లు ఇచ్చిన రెండు బకెట్ల నీళ్లలో ముందు మనవరాలికి పోసి, మిగిలిన చెంబుడు నెత్తిన పోసుకుని అత్తగారు సూర్యుడికి దండం పెట్టుకుంది. ఆ రోజే కొడుకు తల్లిని కూర్చోబెట్టి, మంచు బిరడా సంగతి, పంపు ఎందుకు వదలాలో, కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఆవిడ విని, "ఈ ముక్క ఆ రాత్రే చెప్తే నేను కుర్చీ ఏసుకు కూచునేదాన్ని కదరా" అంది.

ఇప్పుడు ఆ ఇంట్లో అటక పైపులకు ఫోమ్ గొట్టాలు తొడిగి ఉన్నాయి. పంపుల తొడుగులు అక్టోబరులోనే కొంటారు. మీటరు మూత లేపే కడ్డీ గ్యారేజీ తలుపు పక్కన మేకుకు వేలాడుతుంది. పైపు గడ్డకడితే హెయిర్ డ్రయ్యరుతో పంపు చివరి నుంచి వెనక్కి వెచ్చబెట్టాలనీ, నిప్పు అసలు చూపించకూడదనీ అందరికీ తెలుసు.

ఆ తర్వాత 2022 డిసెంబరులో క్రిస్మస్ ముందు వచ్చిన చలికి అట్లాంటా, మెంఫిస్ ఊళ్లలోనూ పైపులు పగిలాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి వెళ్లిన పిల్లలు ఆ ఊళ్లన్నిట్లోనూ ఉన్నారు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడుంటే నవంబరు రాకముందే ఒకసారి అడగండి, వాల్వ్ కట్టడం ఇంట్లో ఎంతమందికి వచ్చో. మీరే అక్కడికి వెళ్తుంటే మొదటి వారంలోనే చూపించమనండి, మీ చేత్తో ఒకసారి తిప్పి చూడండి. పిల్లలకు కూడా ఒక విన్నపం. చలి హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ సందేశం మీ ఫోనులోనే ఉంచుకోకండి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్లకు తెలుగులో, కారణంతో సహా చెప్పి పడుకోండి.